వాల్తేరు లైను: మారిన యజమానులు, మారని ప్రయాణీకులు

మన సంఘం ప్రత్యేక సంచికకు పోర్టు చరిత్ర గురించి ఏదైనా రాయమని కార్యవర్గ మిత్రులు కోరారు. పోర్టు చరిత్రను పెద్దలు చాలామంది ఇదివరకే రాశారు. 1933 అక్టోబరు 7న 'జలదుర్గ' ఓడ రేవులోకి రావడం, అదే సంవత్సరం డిసెంబరు 19న వైస్రాయి లార్డ్ విల్లింగ్డన్ ప్రారంభోత్సవం జరపడం మన సభ్యులందరికీ కంఠోపాఠమే. అందుచేత నేను ఓడను వదిలి రైలును పట్టుకున్నాను.

మన పోర్టులో పనిచేసిన వారందరూ విశాఖపట్నంలోనే కాపురం ఉన్నవారు కారు. అనకాపల్లి, ఎలమంచిలి, పెందుర్తి, కొత్తవలస, విజయనగరం నుంచి రోజూ రైలెక్కి వచ్చి, సాయంత్రం మళ్ళీ రైలెక్కి పోయినవారు ఎందరో ఉన్నారు. వారిలో నేనొకణ్ణి. 1969లో ఉద్యోగంలో చేరింది మొదలు 2006లో పదవీ విరమణ చేసేదాకా అనకాపల్లి–వాల్తేరు సీజన్ టిక్కెట్టు నా జేబులో ఉండేది. దూరం సుమారు 33 కిలోమీటర్లు మాత్రమే. కాని ఆ కొద్ది దూరంలోనే రెండు రైల్వేలు ఉండేవి. అలా ఎందుకైందో, దానివల్ల రోజూ వచ్చిపోయేవారికి ఏమైందో చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశ్యం.

సర్కారు వేసిన లైను, ఇద్దరు పంచుకున్న లైను

బెజవాడ నుంచి కటకం దాకా సముద్రతీరం వెంబడి రైలుమార్గం వేసింది కంపెనీ వారు కారు. ఈస్ట్ కోస్ట్ స్టేట్ రైల్వే పేరుతో ప్రభుత్వమే 1893–1896 మధ్య దీనిని ముక్కలు ముక్కలుగా ప్రారంభించింది. 1866 నాటి ఒరిస్సా కరువులో సమయానికి ధాన్యం చేరవేసే దారిలేక లక్షలాది జనం చనిపోయారు. తీరం వెంట రైలు కావాలన్న వాదనకు ఆ అనుభవం బలమిచ్చింది. 1900లో రాజమండ్రి వద్ద గోదావరి మీద హేవలాక్ వంతెన తెరిచారు. అంతవరకు రైలు దిగి, రేవు దాటి, మళ్ళీ రైలెక్కిన ప్రయాణీకులకు అది పెద్ద వరమే.

అయితే లైను వేసిన సర్కారు దానిని ఎక్కువకాలం ఉంచుకోలేదు. 1901లో వాల్తేరుకు దక్షిణంగా ఉన్న భాగం మద్రాసు రైల్వే చేతికి వెళ్ళింది. 1902లో ఉత్తర భాగం బెంగాల్ నాగపూర్ రైల్వే, అంటే మన పెద్దలు చెప్పుకునే బి.ఎన్.ఆర్. చేతికి వెళ్ళింది. 1908లో మద్రాసు రైల్వే స్థానంలో మద్రాస్ అండ్ సదరన్ మరాఠా రైల్వే, అంటే ఎం.ఎస్.ఎం., వచ్చింది. ఒక కంపెనీ కచేరి కలకత్తా గార్డెన్ రీచ్‌లో, మరొకదాని కచేరి మద్రాసులో. రెండింటికీ చివరి ఊరు వాల్తేరు. ఇద్దరన్నదమ్ములు ఇల్లు పంచుకుంటే మధ్యగోడ వంటింట్లో పడినట్టు, రెండు కంపెనీల హద్దు సరిగ్గా మన ఊరి నడుమ పడింది.

మా నాన్నగారు చివరిదాకా రైలును 'కంపెనీ బండి' అనే పిలిచేవారు. ఏ కంపెనీ అని అడిగితే, "అనకాపల్లి నుంచి వాల్తేరు దాకా మదరాసు కంపెనీ, అక్కణ్ణుంచి విజయనగరం పోవాలంటే కలకత్తా కంపెనీ" అనేవారు. బి.ఎన్.ఆర్. అంటే 'బి నెవర్ రెగ్యులర్' అని ఆ కాలపు ఇంగ్లీషు చదువుల వారు చెప్పుకున్న పరిహాసం కూడా ఆయన నోటనే విన్నాను.

రేవు కోసం రైలు

మన పోర్టుకూ, బి.ఎన్.ఆర్.కూ సంబంధం పేగు సంబంధం వంటిది. మధ్య పరగణాల మాంగనీసు ఖనిజాన్ని దగ్గరి దారిన సముద్రానికి చేర్చాలన్నది ఆనాటి ఆలోచన. విజయనగరం–పార్వతీపురం లైను 1908–09లో వచ్చింది. అది కొండలు దాటి రాయపూర్ చేరే సరికి 1931 అయింది. మరో రెండేళ్ళకు రేవు తెరుచుకుంది. రేవు పని కూడా ప్రభుత్వం తరఫున బి.ఎన్.ఆర్. ఇంజనీర్లే చూశారు. 1964లో పోర్టు ట్రస్టు ఏర్పడేవరకు పోర్టు పాలన ఒక శాఖ నుంచి మరొక శాఖకు మారుతూనే వచ్చింది. 2021 చట్టంతో పోర్టు ట్రస్టు కాస్తా పోర్టు అథారిటీ అయింది. కనుక యజమాని మారడం అంటే ఏమిటో మన పోర్టు వాళ్ళకు వేరే చెప్పనక్కరలేదు.

ఇక్కడ గమనించవలసిన సంగతి ఒకటి ఉంది. మన ప్రాంతంలో రైళ్ళ ఏర్పాటులో మొదటి నుంచి సరుకుదే అగ్రస్థానం. తరువాతి కాలంలో ఇది మరింత స్థిరపడింది. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని జపానుకు ఎగుమతి చేయడానికి 1960లో ఒప్పందం కుదిరింది. దాని ఫలితమే కొత్తవలస–కిరండూల్ లైను. సుమారు 445 కిలోమీటర్ల కొండదారి, 58 సొరంగాలు, సముద్ర మట్టానికి సుమారు 996 మీటర్ల ఎత్తున సిమిలిగుడ స్టేషను. 1960 దశకం రెండో భాగంలో అది పూర్తయింది. ఇంజనీర్ల ప్రతిభకు అది గొప్ప తార్కాణం. అరకు వెళ్ళేవారు ఆ దారి అందానికి నేటికీ మురిసిపోతారు. కాని అది జనం కోసం వేసిన లైను కాదు. ఖనిజం బళ్ళు డజన్ల కొద్దీ నడిచిన ఆ దారిలో చాలాకాలం పాటు పాసింజరు బండి అంటే పగలల్లా ప్రయాణం చేసే ఒక్క కిరండూల్ పాసింజరే.

విద్యుదీకరణ తేదీలు చూస్తే సంగతి ఇంకా తేటపడుతుంది. ఖనిజం నడిచే కిరండూల్ లైనుకు కరెంటు తీగలు 1982 నాటికే పూర్తయ్యాయి. జనం ఎక్కువగా తిరిగే విజయవాడ–విశాఖపట్నం మార్గానికి 1997 దాకా ఆగవలసి వచ్చింది. హౌరా–మద్రాసు మార్గం మొత్తం పూర్తయ్యేసరికి 2005.

దీనిలో తప్పు ఎంచడం నా ఉద్దేశ్యం కాదు. సింహాచలం దగ్గర మా బండి ఆగి, పక్క లైనులో ఎర్రటి ఖనిజం నింపుకున్న గూడ్సు పొడవుగా కదిలిపోతుంటే బోగీలో అందరూ విసుక్కునేవారు. నేను మాత్రం వేగన్లు లెక్కపెట్టేవాణ్ణి. ఆ సరుకు మన రేవులో ఓడ ఎక్కితేనే నెలాఖరుకు నా జీతం వచ్చేది. ఆ గూడ్సు అన్నం పెట్టేదే. అయినా అన్నం తినడానికి వేళకు ఇల్లు చేరాలి కదా!

స్వరాజ్యం వచ్చింది, బోర్డులు మారాయి

1944లో రెండు కంపెనీలూ ప్రభుత్వం చేతికి వచ్చాయి. ఏప్రిల్ 1న ఎం.ఎస్.ఎం., అక్టోబరు 1న బి.ఎన్.ఆర్. స్వాతంత్ర్యం తరువాత జోన్లు ఏర్పడ్డాయి. చిన్నవారి సౌకర్యం కోసం ఆ మార్పులను ఒకచోట చేరుస్తున్నాను.

విశాఖకు ఉత్తరాన: 1952 ఏప్రిల్ 14 నుంచి తూర్పు రైల్వే, 1955 ఆగస్టు 1 నుంచి ఆగ్నేయ రైల్వే, 2003 ఏప్రిల్ 1 నుంచి తూర్పు కోస్తా రైల్వే.

విశాఖకు దక్షిణాన: 1951 ఏప్రిల్ 14 నుంచి దక్షిణ రైల్వే, 1966 అక్టోబరు 2 నుంచి దక్షిణ మధ్య రైల్వే.

ఇన్ని మార్పులలోనూ ఒక్కటి మారలేదు. 1901లో కంపెనీల లెక్కల కోసం గీసిన హద్దు విశాఖ ముంగిట్లోనే నిలిచింది. కంపెనీలు పోయాయి, తెల్లదొరలు పోయారు, 1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చింది, 1956లో ఆంధ్రప్రదేశ్ వచ్చింది. హద్దు మాత్రం పోలేదు. నా ఉద్యోగ కాలంలో దువ్వాడ దాకా వాల్తేరు డివిజను, ఆ పైన తాడి, అనకాపల్లి మొదలుకొని విజయవాడ డివిజను. ఒక డివిజను పెద్ద కచేరి కలకత్తాలో, రెండోదాని పెద్ద కచేరి సికింద్రాబాదులో. విశాఖకు ఇటూ అటూ ఉన్నది తెలుగువారే అయినా, ఉదయం బండి కావాలంటే ఏ దిక్కుకు అర్జీ పెట్టాలో తెలిసేది కాదు.

సీజన్ టిక్కెట్టు లోకం

రోజూ రైల్లో తిరిగినవారికి దాని సుఖదుఃఖాలు తెలుసు. తెలియనివారికి నాలుగు మాటలు చెప్తాను.

తెల్లవారుజామున లేచి, చద్దన్నమో ఉప్మాయో తిని, కేరేజీ పట్టుకుని స్టేషనుకు పరుగు. నేను చేరిన కొత్తలో బొగ్గు ఇంజన్లే. కిటికీ పక్కన కూర్చుంటే కళ్ళలో నుసి, తెల్లచొక్కా మీద మసి. అందుకని కొందరు ఆఫీసు చొక్కా సంచిలో పెట్టుకుని వచ్చేవారు. మా బోగీలో పోర్టు వాళ్ళు, షిప్‌యార్డు వాళ్ళు, బడిపంతుళ్ళు, కోర్టు గుమస్తాలు, పెద్దాసుపత్రికి పోయే రోగులు, కాలేజీ కుర్రాళ్ళు అందరూ ఉండేవారు. తరువాత ఉక్కు కర్మాగారం వాళ్ళు చేరారు. 1971 జనవరిలో ఇందిరాగాంధీ శంకుస్థాపన చేసిన ఆ కర్మాగారం 1992లో జాతికి అంకితమయ్యేనాటికి దువ్వాడలో దిగే జనం దండిగా పెరిగారు.

గుమ్మాల దగ్గర పాల బిందెలు, కూరగాయల గంపలు, పూలబుట్టలు. అనకాపల్లి బెల్లం ముద్దలు చుట్టాలకు పట్టుకెళ్ళేవారు సరేసరి. నాలుగు మోకాళ్ళ మీద తువ్వాలు పరిచి పేకాట ఒకవైపు, భజన ఒకవైపు, డి.ఏ. బకాయిల చర్చ మరోవైపు. పెళ్ళి సంబంధాలు కుదిరినది ఆ బోగీలోనే, చీటీలు పాడుకున్నది ఆ బోగీలోనే. ఒకరోజు ఎవరైనా కనబడకపోతే మర్నాడు ఇంటికి మనిషిని పంపేవారం. పదవీ విరమణ చేసినవారికి బోగీలోనే దండ వేసి, మిఠాయి పంచి, వాల్తేరు స్టేషనులో బయటి గుమ్మం దాకా సాగనంపడం మాకు ఆచారం. 1980 దశకం చివర్లో ఆ స్టేషనుకు విశాఖపట్నం అని పేరు మార్చినా మా నోట వాల్తేరు పోలేదు.

ప్రయాణం సాఫీగా జరిగిన రోజు గురించి ఎవరూ మాట్లాడుకోరు. ఆగిన రోజే గుర్తుంటుంది. మర్రిపాలెం దాటి స్టేషను దీపాలు కనబడుతుండగా బండి నిలిచిపోతే, దిగి పట్టాల వెంట నడవలేము, కూర్చుని ఉండనూ లేము. ఆఫీసులో హాజరుపట్టీ మీద ఎర్రగీత పడిపోతుంది. రైలు ఆలస్యం అని చెబితే నమ్మే అధికారి కొందరికి దొరికాడు, నమ్మని అధికారి కొందరికి దొరికాడు. జ్ఞానాపురం వైపు దిగి కాన్వెంటు జంక్షను మీదుగా సైకిళ్ళపై పోర్టు గేటుకు పరుగెత్తిన మిత్రులకు ఇది బాగా తెలుసు.

తాడిలో ఎక్కే కూరగాయలావిడ ఒకామె మాతో చాలా ఏళ్ళు ప్రయాణం చేసింది. 2003లో తూర్పు కోస్తా రైల్వే వచ్చినప్పుడు మేమంతా పత్రికలు ముందేసుకుని తెగ వాదించుకుంటుంటే ఆమె అడిగింది:

"ఏటి బాబూ, అంత గట్టిగా దెబ్బలాడుకుంతన్నారు?"

"మన రైలుకు యజమాని మారాడప్పా. కలకత్తా పోయి భువనేశ్వరం వచ్చింది."

"ఎవులదైతే నాకేటి బాబూ! ఎండెక్కీసరికి నా గంప పూర్ణా మార్కెట్టుకు సేరితే సాలు. ఎండెక్కితే తోటకూర వాడిపోద్ది."

రైల్వే జోన్ల మీద ఎన్నో ఉపన్యాసాలు విన్నాను. ఇంతకంటే సూటిగా చెప్పినవారు లేరు.

దువ్వాడ హద్దు

హద్దు అనేది పటం మీద గీత మాత్రమే, రైలు పట్టాకు తెగింపు లేదు కదా అని కొందరు అంటారు. నిజమే. కాని హద్దు పని వేరే రకంగా ఉంటుంది.

ఒక జోను తన బండిని హద్దు దగ్గర మరొక జోనుకు అప్పగిస్తుంది. ఎవరి లెక్క వారిదే. వేళకు అప్పగించామా లేదా అన్నదే మొదటి ప్రశ్న. అందుచేత టైము టేబుల్లో హద్దుకు దగ్గరలో అదనపు నిమిషాలు కలుపుతారు. దువ్వాడ నుంచి విశాఖ 17 కిలోమీటర్లు. దూరప్రాంతపు బళ్ళలో కొన్నింటికి ఈ ముక్కకు ముప్పావుగంట, గంట దాకా కేటాయించడం మనమందరం ఎరిగినదే. దానికి తోడు విశాఖ స్టేషను లోపలికి చొచ్చుకుని ఉన్నందున హౌరా–చెన్నై బళ్ళు ఇక్కడ ఇంజను రెండో వైపుకు మార్చుకుని, వచ్చిన దిక్కుగానే బయటికి పోవాలి. ప్లాట్‌ఫారాలు చాలక బళ్ళు బయట ఆగుతాయి. ఈ ఇబ్బంది తప్పించుకోవడానికి కొన్ని బళ్ళను ఊళ్ళోకి రానీయకుండా దువ్వాడ మీదుగా పంపేశారు. అర్ధరాత్రి దువ్వాడలో దిగి ఆటోలతో బేరమాడిన వృద్ధ దంపతులు మన సంఘంలోనే ఉన్నారు.

ఇంకొకటి. తుని నుంచి విజయనగరం దాకా జనం తిరుగుడు ఒకే ఊరి తిరుగుడు వంటిది. అనకాపల్లి వాడికి విజయనగరంలో చుట్టాలు, కొత్తవలస వాడికి ఉక్కు కర్మాగారంలో ఉద్యోగం. కాని దక్షిణం నుంచి వచ్చిన పాసింజరు విశాఖలో ఆగిపోతుంది, ఉత్తరం నుంచి వచ్చినదీ విశాఖలో ఆగిపోతుంది. ఒకదానికొకటి అందేటట్టు వేళలు కుదర్చాలంటే రెండు జోన్లు కూర్చుని మాట్లాడుకోవాలి. ఒకసారి మేము నూటికి పైగా సంతకాలతో ఈ విషయమై అర్జీ తయారుచేశాం. ఒక కార్యాలయంలో ఇస్తే, ఇది మా పరిధి కాదన్నారు. రెండో కార్యాలయంలో ఇస్తే, వారు ఒప్పుకుంటే మాకు అభ్యంతరం లేదన్నారు. ఇద్దరూ మర్యాదస్తులే. ఇద్దరూ కూర్చోబెట్టి టీ ఇచ్చారు. బండి వేళ మాత్రం మారలేదు.

కొత్త జోను

2014 రాష్ట్ర విభజన చట్టం పదమూడవ షెడ్యూలులో, ఆంధ్రప్రదేశ్‌కు కొత్త రైల్వే జోను ఏర్పాటును ఆరు నెలల్లో పరిశీలించాలని రాశారు. విశాఖ కేంద్రంగా దక్షిణ కోస్తా రైల్వే ప్రకటన వచ్చేసరికి 2019 ఫిబ్రవరి 27. ఆనాటి ప్రకటనలో తీపితోపాటు చేదు కూడా ఉంది. వాల్తేరు డివిజనును రెండు ముక్కలు చేసి, ఒక ముక్కను విజయవాడలో కలిపి, రెండో ముక్కతో ఒరిస్సాలో రాయగడ డివిజను చేస్తామన్నారు. జోను ఇచ్చి డివిజను తీసేస్తారా అని విశాఖలో పెద్ద ఆందోళన జరిగింది.

2025 జనవరి 8న విశాఖలో ప్రధాని జోను కేంద్ర కార్యాలయానికి శంకుస్థాపన చేశారు. ఫిబ్రవరిలో కేంద్ర మంత్రివర్గం పాత నిర్ణయాన్ని సవరించింది. డివిజను కొంత తగ్గి నిలిచింది. వాల్తేరు అన్న పేరు తెల్లవారి కాలం నాటిదని విశాఖపట్నం డివిజను అని పేరు పెట్టారు. పలాస–విశాఖ–దువ్వాడ, కూనేరు–విజయనగరం, నౌపడ–పర్లాకిమిడి, బొబ్బిలి–సాలూరు వంటివి, మొత్తం సుమారు 410 కిలోమీటర్లు దీనిలో ఉన్నాయి. కొత్తవలస–బచేలి లైనుతో సహా సుమారు 680 కిలోమీటర్లు రాయగడకు కేటాయించారు. విజయవాడ, గుంటూరు, గుంతకల్లు డివిజన్లూ కొత్త జోనులోనివే.

దీని అర్థమేమిటి? ఈ పటం ప్రకారం దువ్వాడకు అటూ ఇటూ ఒకే జోను. 1901లో గీసిన గీత, నూట ఇరవై ఏళ్ళు దాటాక, చెరిగిపోయిందన్నమాట. పలాస నుంచి తుని దాకా, ఆ మాటకొస్తే నెల్లూరు దాకా, ఒకే పెద్ద కచేరి. అది కూడా మన ఊళ్ళో.

అయితే గీత చెరిగిపోలేదు, జరిగింది అనడం మరింత న్యాయం. అరకు, బొర్రా స్టేషన్లు మన రాష్ట్రంలోనివే అయినా వాటి లైను రాయగడ డివిజను పాలు. హద్దు ఇక కొత్తవలస దగ్గర. నౌపడ–గుణుపూర్ లైను సంగతీ అంతే. పర్లాకిమిడి రాజావారి పూనికతో 1900లో మొదలైన చిన్న పట్టాల బండి అది. 1931లో గుణుపూర్ చేరింది. ఎన్నో చేతులు మారి, 2004లో ఆగిపోయి, పెద్ద పట్టాలతో మళ్ళీ కదిలింది. ఇప్పుడు హద్దు పర్లాకిమిడిలో పడింది. మన కష్టం తీరిందని మురిసిపోయే ముందు, అరకు నుంచి చింతపండు, పసుపు మూటలతో కొత్తవలసకు దిగివచ్చే గిరిజన సోదరులను మరువరాదు. నిన్నటిదాకా మనం పడిన తిప్పలు రేపు వారికి రాకూడదు.

యజమాని మారితే మేలు జరిగిన చోట

యజమాని మారితే ప్రయాణీకుడికి ఎక్కడా మేలు జరగదా? జరుగుతుంది. మా అమ్మాయి దగ్గరికి లండను వెళ్ళినప్పుడు చూశాను. ఆమె ఇల్లు హాక్నీ ప్రాంతంలో. ఊరి నడిబొడ్డుకు పోకుండా ఉత్తరపు పేటలను కలుపుతూ పోయే పాత లైను ఒకటి ఆ పక్కనే ఉంది. 2007 నవంబరు దాకా దానిని ఒక ప్రైవేటు కంపెనీ నడిపేది. పొద్దుగూకితే ప్లాట్‌ఫారం మీద నరమానవుడు కనబడేవాడు కాదని ఆ వీధి పెద్దాయన ఒకరు చెప్పారు. ఆ నవంబరులో లైను లండను నగర రవాణా సంస్థ చేతికి వచ్చి 'లండన్ ఓవర్‌గ్రౌండ్' అయింది.

వారు చేసింది బోర్డు మార్చడం ఒక్కటే కాదు. బళ్ళు తిరిగినంతసేపూ స్టేషనులో మనిషి ఉండాలన్నారు. దీపాలు వేశారు. బస్సుకూ, భూగర్భ రైలుకూ చెల్లే కార్డే దీనికీ చెల్లేటట్టు చేశారు. కొత్త బోగీలు తెచ్చారు, బళ్ళ సంఖ్య పెంచారు. 2012 డిసెంబరు నాటికి ఊరి చుట్టూ వలయం పూర్తయింది. జనం ఎన్నో రెట్లు పెరిగారు. పట్టాలు పాతవే, ఊరు పాతదే. కొత్త యజమానికి ఊరి జనాన్ని చేరవేయడమే అసలు పని, అదీ తేడా.

మన దగ్గరా ఉదాహరణ లేకపోలేదు. హైదరాబాదులో 2003 ఆగస్టులో ఎం.ఎం.టి.ఎస్. మొదలైంది. ఉన్న పట్టాల మీదనే, రైల్వే, రాష్ట్ర ప్రభుత్వం చెరిసగం ఖర్చు పెట్టుకుని, ఊరి జనం కోసం ప్రత్యేకంగా నడిపిన బళ్ళవి. డబ్బు పెట్టిన ప్రభుత్వానికి అడిగే హక్కు ఉంటుంది. విశాఖకు అటువంటి ఏర్పాటు ఎన్నడూ జరగలేదు.

దీనికి విరుద్ధమైన ఉదాహరణ కూడా మనం చూశాం. 2020 మార్చిలో కరోనా కారణంగా పాసింజరు బళ్ళన్నీ ఆగాయి. తిరిగి వచ్చినప్పుడు అవే బోగీలు, అవే హాల్టులు, పేరు మాత్రం ఎక్స్‌ప్రెస్ స్పెషల్. పది రూపాయల కనీస టిక్కెట్టు ముప్ఫై అయింది. 2024 ఫిబ్రవరిలో గాని అది మళ్ళీ పదికి దిగలేదు. అదే 2020 మార్చిలో వృద్ధుల రాయితీ, ఆడవారికి సగం, మగవారికి నూటికి నలభై వంతున ఉండేది, నిలిపివేశారు. పింఛను మీద బతికేవారికి ఏది పెద్ద వార్త? జోను పేరా, ఆ రాయితీయా?

ఇప్పుడు అడగవలసినవి

నూట ముప్ఫై ఏళ్ళ ఈ చరిత్రలో యజమానులు మారిన ప్రతిసారీ కారణం వేరే ఏదో ఉంది. ఒకసారి కంపెనీల లాభనష్టాలు, ఒకసారి జాతీయకరణ, ఒకసారి పరిపాలనా సౌలభ్యం, ఒకసారి రాష్ట్రాల మధ్య పంపకం. రోజూ ఎక్కేవాడి సౌకర్యం కోసం ఒక్కసారి కూడా మారలేదు. అందుకే మార్పు వచ్చినప్పుడల్లా అతనికి దక్కింది తక్కువ. కరెంటు తీగలు, మెము బళ్ళు, కొత్త లైన్లు అతనికి నిజంగా ఉపకరించాయి. అవి వేరే దారిన, వేరే వేళల్లో వచ్చాయి.

కొత్త జోను కూడా దానంతటదే ఏమీ చేయదు. కాని 'మా పరిధి కాదు' అనే సమాధానానికి ఇక తావు ఉండరాదు. కనుక మన సంఘం తరఫున, పిల్లల తరఫున అడగవలసినవి నాకు తోచినవి చెబుతున్నాను. తుని నుంచి విజయనగరం దాకా, విశాఖలో తెగిపోకుండా, ఆఫీసు వేళలకు ఉదయం రెండు, సాయంత్రం రెండు లోకల్ బళ్ళు. తాడి, మర్రిపాలెం వంటి చిన్న స్టేషన్లలో నీడ, బెంచీ, నీళ్ళు, మరుగుదొడ్డి. దువ్వాడలో దిగినవారికి ఊళ్ళోకి రాత్రివేళ బస్సు. అరకు పాసింజరు వేళలు రెండు డివిజన్ల మధ్య నలిగిపోకుండా ముందే ఒప్పందం. వృద్ధుల రాయితీ.

ఇవేవీ కోట్లు గుమ్మరించవలసిన పనులు కావు. వేళలు కుదర్చడానికి కావలసింది ప్రధానంగా ఒక బల్ల, నాలుగు కుర్చీలు. ఆ బల్ల ఇన్నాళ్ళూ కలకత్తాలో, సికింద్రాబాదులో, భువనేశ్వరంలో ఉండేది. మన ఊళ్ళోనే పడితే, దాని ముందుకు వెళ్ళి నిలబడవలసింది మనమే. బస్సు చార్జీ ఖర్చుతో వెళ్ళిరావచ్చు.

మిత్రులకు ఒక మనవి. పోర్టు, షిప్‌యార్డు, ఉక్కు, రైల్వే, బడి, ఏ ఉద్యోగమైనా సరే, ఈ లైను మీద సీజన్ టిక్కెట్టుతో తిరిగినవారు తమకు గుర్తున్న బళ్ళ వేళలు, ఎత్తివేసిన హాల్టులు రాసి సంఘం కార్యాలయానికి పంపండి. పాత టైము టేబుళ్ళు ఉంటే మరీ మంచిది. ఫలానా సంవత్సరంలో ఫలానా బండి ఉండేది అని కాగితం చూపించి అడిగితే, ఉత్త మాటల కంటే దానికి విలువ ఎక్కువ. ముప్ఫై ఏడేళ్ళు ఆఫీసు ఫైళ్ళు మోసినవాణ్ణి, ఆ మాత్రం నాకు తెలుసు.